హెల్త్ కోచ్ దగ్గరికి వెళితే నిజంగా ఏం మారుతుంది?

మీరు అడిగింది ఇదీ. వయసు నలభై దాటింది. రక్తంలో చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది (షుగర్ ఇంకా కాదు, అంచుమీద), బీపీ కాస్త ఎక్కువగా ఉంటోంది, రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు, పగలంతా టెన్షన్. డాక్టర్ గారు మందులు ఇప్పుడే వద్దు, ముందు అలవాట్లు మార్చుకోండి అన్నారు. తెలిసినవాళ్లు హెల్త్ కోచ్‌ని, అంటే అలవాట్లు మార్చుకునేటప్పుడు క్రమం తప్పకుండా తోడుండే మనిషిని, పెట్టుకోమన్నారు. ఏం తినాలో, ఎంత నడవాలో ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు డబ్బిచ్చి ఇంకో మనిషి చేత చెప్పించుకోవడం ఎందుకు, దానివల్ల ఆరోగ్యం మొత్తంగా బాగుపడుతుందా అన్నది మీ సందేహం.

నేను చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి తర్వాత ఈ కోచింగ్ వైపు వచ్చాను. వార్డులోనూ చూశాను, వార్డు దాకా రాకుండా ఆగినవాళ్లనూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ మాటే ఒప్పుకుంటాను. సమాచారం కోసమే అయితే కోచ్ అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఏం చేయాలో తెలియనివాళ్లు చాలా అరుదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఊపిరి కాస్త వేగం పుంజుకునేలా నడవాలని, రాత్రి కనీసం ఏడు గంటలు నిద్రపోవాలని, తీపీ ఉప్పూ తగ్గించాలని అందరికీ తెలుసు. తెలిసింది చేయలేకపోతున్నామన్నదే వాళ్ల బాధ. దానికి తోడు 'నాకు పట్టుదల లేదు' అని తమను తామే తిట్టుకోవడం ఒకటి. ఈ రెండో బాధ రిపోర్టుల్లో కనిపించదు గానీ, మనిషిని కుంగదీసేది ఎక్కువగా అదే.

డాక్టర్ గారి ముందు మీరు కూర్చునేది పది పదిహేను నిమిషాలు. మళ్లీ వెళ్లేది మూడు నెలలకు. ఈ మధ్యలో ఆఫీసు ఉంటుంది, పిల్లల పరీక్షలు ఉంటాయి, ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, ఒక ప్రయాణం పడుతుంది. 'అలవాట్లు మార్చుకోండి' అన్న మాట నిలిచినా, జారిపోయినా ఆ మధ్య రోజుల్లోనే. కోచ్ ఉండేది కూడా ఆ రోజుల కోసమే. మాత్రలు వేసుకోవడంలోనే చూడండి. దీర్ఘకాలిక జబ్బులకు మందులు చెప్పినట్టుగా వాడేవాళ్లు, బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. నీళ్లతో మింగితే అయిపోయే మాత్ర సంగతే అలా ఉంటే, రోజంతటినీ తాకే తిండి, నిద్ర, నడకల సంగతి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి. షుగర్ ఇంకా రాకపోయినా అంచుమీద ఉన్న 3,234 మందితో అమెరికాలో చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక వర్గానికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఇచ్చారు, ఒక వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, మూడో వర్గానికి జీవనశైలి మార్పులు చెప్పారు. ఈ మూడో వర్గంలో ప్రతి ఒక్కరికీ ఒక మనిషిని కేటాయించారు. మొదటి 24 వారాల్లో ఎదురెదురుగా కూర్చుని 16 పాఠాలు, ఆ తర్వాత క్రమం తప్పని ఫాలో అప్. లక్ష్యాలు రెండే: ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ. సగటున మూడేళ్లకు కాస్త తక్కువ కాలం గమనిస్తే, ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోల్చినప్పుడు మందు వర్గంలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది. జీవనశైలి వర్గంలో 58 శాతం తగ్గింది. తగ్గించింది బరువూ నడకానే, అందులో సందేహం లేదు. కానీ అవి కాగితం మీద మిగిలిపోకుండా జరిగాయంటే, వారం వారం పక్కన కూర్చుని 'ఈ వారం ఎక్కడ ఆగింది, చూద్దాం రండి' అన్న మనిషి ఒకరు ఉండటం అందులో పెద్ద భాగమని నా నమ్మకం.

రెండో వైపూ చెప్పాలి. షుగర్ అప్పటికే ఉన్న ఐదువేల మందికి పైగా ఇలాంటి సాయమే ఇంకా గట్టిగా అందించి, దాదాపు పదేళ్లు గమనించిన మరో అమెరికా అధ్యయనం 2013లో అచ్చయింది. గుండెపోట్లు, పక్షవాతం అందులో చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తగ్గినవి వేరే: బరువు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, దిగులు లక్షణాలు, వాడాల్సిన మందులు. ఒంట్లో ఓపిక మెరుగైంది. కాబట్టి 'నాతో చేరితే గుండెజబ్బు రాదు, షుగర్ పూర్తిగా పోతుంది' అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. 'రోజు గడిచే తీరు బాగుపడుతుంది' అంటే మాత్రం నమ్మవచ్చు. మీరు అడిగిన మొత్తం ఆరోగ్యం అంటే చాలావరకు అదే కదా.

ఇక ఆ గదిలో ఏం జరుగుతుందన్నది. దగ్గరగా చూస్తేనే అర్థమవుతుంది కాబట్టి ఒక సందర్భం చెబుతాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. లెక్కల పని చేసే ఒకాయన వచ్చారు. ఇంచుమించు మీలాంటి రిపోర్టులే. కూర్చోగానే, "రేపటి నుంచి పొద్దున ఐదింటికి లేచి గంటసేపు నడుస్తానండీ. మీరు రోజూ ఫోన్ చేసి అడగండి చాలు" అన్నారు. సరేనని రాసుకుని పంపించేయవచ్చు. నేను ఆయన రాత్రి గురించి అడిగాను.

"నిన్న ఎన్నింటికి పడుకున్నారండీ?"

"ఒంటిగంట అయ్యుంటుంది."

"మొన్న?"

"అదే అనుకోండి. నెలాఖరు కదా."

"అయితే ఐదింటికి లేస్తే నాలుగు గంటల నిద్ర. ఎన్నాళ్లు లాగగలరనిపిస్తోంది?"

కాసేపు ఆలోచించి, "మూడు రోజులు. పోయినసారీ అంతే అయింది" అన్నారు.

అప్పుడు ఒక ప్రశ్న అడిగాను. సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తే, ఈ మార్పు మీకు ఎంత ముఖ్యం? తొమ్మిది అన్నారు. చేయగలనన్న నమ్మకం ఎంత? నాలుగు అన్నారు. ఎనిమిది ఎందుకు కాదు అని అడిగి ఉంటే సాకులన్నీ వరసగా వచ్చేవి. "రెండో మూడో అనకుండా నాలుగు అన్నారే, ఎందుకు?" అని అడిగాను. ఆయన కొంచెం తడబడి, "మధ్యాహ్నం భోంచేశాక ఫోన్లు వస్తాయి. మాట్లాడుతూ ఎలాగూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. నడవడం నాకేం కష్టం కాదు, పొద్దున్నే లేవడమే కష్టం" అన్నారు.

దొరికింది. ఆయన నడక ఆయన రోజులోనే ఉంది. భోజనం చేసి చేతులు కడుక్కోగానే బయటికి వెళ్లి, మొదటి ఫోన్ నడుస్తూ మాట్లాడటం, పది నిమిషాలు. నమ్మకానికి మళ్లీ మార్కులు వేయమంటే ఎనిమిది వేశారు. భోజనం తర్వాతి నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా కూడా ఆపుతుంది కాబట్టి ఆయన రిపోర్టుకూ అదే సరిపోయింది. గంట నడక పది నిమిషాలకు దిగిపోయిందని బయటివాళ్లకు అనిపించవచ్చు. కానీ ఆ పది నిమిషాలు జరిగాయి. కొన్ని వారాలకు ఆయనే సాయంత్రం ఇంకో పదిహేను నిమిషాలు కలుపుకున్నారు, నేను అడగలేదు.

ఈ అడిగే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. తాగుడు మానలేకపోతున్నవాళ్లతో పనిచేస్తూ విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో దీని గురించి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. 'మీరు మారాలి' అని ఎదుటివాళ్లు ఎంత గట్టిగా అంటే, మనలో ఉన్న 'ఎందుకు మారాలి' అన్న వైపు అంత గట్టిగా బదులు చెబుతుంది. మారడానికి కారణం మన నోటి నుంచే వస్తే అది నిలుస్తుంది. వార్డులో ఎంతమందికో హెచ్చరికలు చేసినవాళ్లను చూశాక, ఇది ఎంత నిజమో నాకు ఇప్పటికీ రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

మీ విషయానికొస్తే, మీరు తిండితో మొదలుపెట్టాలని అనుకుంటున్నట్టున్నారు. నేనైతే నిద్రతో మొదలుపెట్టమంటాను. నిద్ర చాలని మనిషికి ఆకలి పెంచే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. చిన్న విషయానికే చిరాకు. సాయంత్రానికి ఏదో ఒకటి తినాలనిపిస్తుంది, అది మన పట్టుదల లోపం అనుకుంటాం. రాత్రి బాగుపడితే వీటిలో సగం గొడవ దానంతట అదే తగ్గడం చాలామందిలో చూశాను. ఆరోగ్యాన్ని ముక్కలు ముక్కలుగా చూడటం కుదరదు అనేది ఇందుకే. షుగర్‌కు ఒక సలహా, బీపీకి ఒకటి, టెన్షన్‌కు ఇంకొకటి తెచ్చుకుంటే చేయాల్సిన పనుల జాబితా పెరుగుతుంది, అదే ఇంకో టెన్షన్. అన్నింటినీ కలిపి చూసి 'ఏ ఒక్కటి కదిపితే మిగతావి కదులుతాయి' అని వెతకడం కోచ్ పని.

నిద్ర గురించి కోచ్ ఏం చేస్తారంటే, ముందు ఒక వారం రాయమంటారు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు, కాఫీ టీలు ఆఖరున ఎప్పుడు తాగారు. ఈ ఆఖరుది చాలామంది పట్టించుకోరు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆ కాగితం ముందు పెట్టుకుంటే దారి మీకే కనిపిస్తుంది. సాధారణంగా మొదట కుదిర్చేది లేచే సమయం, సెలవు రోజైనా ఒకటే. పడుకునే సమయాన్ని బలవంతంగా ముందుకు జరపడం కంటే ఇది సులువు. నిద్ర పట్టక ఇరవై నిమిషాలు దొర్లుతుంటే లేచి మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచం ఎక్కడం ఇంకోటి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మీరు గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు గమనించినా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నా ఇవేవీ చాలవు. నేరుగా డాక్టర్‌కు చెప్పి స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి. బీపీ పెరగడానికి అదే కారణం కావచ్చు. మంచి కోచ్ ఈ ప్రశ్నలు మొదటి రోజే అడిగి, అవసరమైతే మిమ్మల్ని వెనక్కి పంపిస్తారు.

కోచ్ విలువ బాగా తెలిసేది పని చెడిన వారంలో. అందరికీ చెడుతుంది. పెళ్లో, ప్రయాణమో, పని ఒత్తిడో వచ్చి వారం రోజులు నడక లేదు, తిండి అదుపు లేదు. అప్పుడు మనసులో వచ్చే మాట 'ఇక అయిపోయింది, వచ్చే నెల మళ్లీ మొదటి నుంచి'. వారం పోయినందుకు జరిగే నష్టం చిన్నది. ఈ మాటవల్ల జరిగేదే పెద్దది. కొత్త అలవాటు ఎలా కుదురుతుందో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు గమనించినప్పుడు సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికీ 18 నుంచి 254 రోజుల దాకా తేడా కనిపించింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం దెబ్బతినలేదని కూడా వాళ్లు చూశారు. 'ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుంది' అన్న మాట నమ్మి, ఇరవై రెండో రోజు కూడా కష్టంగానే ఉందని మానేసినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. చెడిన వారం తర్వాత సిగ్గుతో రావడం మానేయాలనిపిస్తుంది చూశారూ, సరిగ్గా అప్పుడే వెళ్లాలి. మంచి కోచ్ ఆ రోజు మిమ్మల్ని నిలదీయరు. ఏ రోజు తప్పింది, దానికి ముందు ఏమైంది, అలాంటి వారం మళ్లీ వస్తే కనీసం ఏది వదలకుండా ఉంచుకోవచ్చు అని మీతో కలిసి చూస్తారు.

మందుల విషయంలో కూడా కోచ్ ఉపయోగం ఉంటుంది, కానీ జనం అనుకునే రకంగా కాదు. ఒకావిడ బీపీ మాత్ర తరచూ మానేసేవారు. ఇంట్లో అందరూ మతిమరుపు అనుకుని ఫోన్‌లో అలారం పెట్టారు. అలారం మోగినా వేసుకునేవారు కాదు. తీరిగ్గా అడిగితే తెలిసింది: ఆ మాత్ర వేసుకున్నాక ఒకటికి రెండుసార్లు మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఆవిడ పొద్దున గంటన్నర ప్రయాణం చేసి పనికి వెళతారు, దారిలో మరుగుదొడ్డి లేదు. డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటం. పని ఉన్న రోజుల్లో మానేయడం, సెలవు రోజు వేసుకోవడం, ఇలా నడుస్తోంది. మాత్ర వేళ మార్చమని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆ విషయాన్ని మూడు వాక్యాల్లో కాగితం మీద రాసి, తర్వాతిసారి గదిలోకి వెళ్లగానే ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టేలా ఇద్దరం అనుకున్నాం. డాక్టర్ గారు చూసి మందు వేళ సర్దారు. ఆవిడ బీపీ కుదుటపడింది. ఎన్నాళ్లుగానో మతిమరుపు మనిషి అన్న పేరు మోస్తున్న ఆవిడకు ఆ రోజు కలిగిన ఊరట బీపీ అంకెలో కనిపించదు.

కోచ్ చేయకూడనివి గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేవాళ్లు ఉన్నారు. జబ్బు పేరు తేల్చడం, మందు మొదలుపెట్టడం, ఆపడం, మోతాదు మార్చడం వాళ్ల పని కాదు. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒక వైపు చేయి గానీ కాలు గానీ పడిపోయినట్టు ఉండటం, ఇవి కోచ్‌కు మెసేజ్ పెట్టే విషయాలు కావు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేక దిగులుగా ఉంటే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టర్‌ను గానీ మానసిక వైద్యుణ్ణి గానీ కలవాలి. మీ టెన్షన్ ఏ స్థాయిలో ఉందో మీరు రాయలేదు, అందుకే ఇది ప్రత్యేకంగా అంటున్నాను. తిండి విషయంలో వివరమైన పట్టిక కావాలంటే డైటీషియన్, మోకాలి నొప్పి ఉండి వ్యాయామం కావాలంటే ఫిజియోథెరపిస్టు. వీళ్లు చెప్పింది మీ వారంలో ఎక్కడ ఇముడుతుందో చూడటం వరకే కోచ్.

ఎంచుకునేటప్పుడు చాలాచోట్ల ఒక ఇబ్బంది ఉంది. డాక్టర్‌కు, నర్సుకు ఉన్నట్టు ఈ పేరుకు చట్టపరమైన కట్టుబాటు లేదు, ఎవరైనా హెల్త్ కోచ్ అని చెప్పుకోవచ్చు. అమెరికాలో మాత్రం 2017 నుంచి ఒక జాతీయ బోర్డు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తోంది. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్లు నేర్చుకున్నారు, అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో చేశారా అని మొహమాటపడకుండా అడగండి. నా రిపోర్టులు ఎవరెవరు చూస్తారని కూడా అడగండి. ఎలాంటప్పుడు నన్ను డాక్టర్ దగ్గరికి పంపిస్తారు అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రావాలి. పొడులు, సప్లిమెంట్లు తమ దగ్గరే కొనమంటే వచ్చేయండి, ఇంకేం ఆలోచించొద్దు. ఇంకో గుర్తు కూడా ఉంది. మొదటి సమావేశం అయ్యాక ఎవరు ఎక్కువ మాట్లాడారో గుర్తు చేసుకోండి. మాట్లాడింది ఎక్కువగా మీరైతే సరైనచోటే ఉన్నారు.

డబ్బు కుదరకపోతే? మీ ఆస్పత్రిలోనో, మీ సంస్థలోనో, ఇన్సూరెన్స్ వాళ్ల ద్వారానో ఇలాంటి సదుపాయం ఉందేమో కనుక్కోండి. గుంపుగా చేసే కార్యక్రమాలకు ఖర్చు తక్కువ, పనీ చేస్తాయి. అదీ లేకపోతే మీలాంటి అవసరమే ఉన్న ఒక స్నేహితుణ్ణి చూసుకుని, వారానికి ఒకసారి అరగంట ఒకరినొకరు ఈ మూడే అడగండి: ఈ వారం ఏం అనుకున్నాం, ఏం జరిగింది, వచ్చే వారానికి ఏ ఒక్కటి. భార్యనో భర్తనో ఈ పనికి పెట్టొద్దని నా సలహా. వాళ్ల ప్రేమలో భయం కలిసి ఉంటుంది, ఆ భయం నాలుగు రోజులకే కాపలాగా మారుతుంది, భోజనాల దగ్గర గొడవవుతుంది. వాళ్లు మీతో కలిసి నడిస్తే మాత్రం అంతకంటే మంచిది లేదు.

ఇక ఎన్నాళ్లు అంటే, మొదటి మూడు నెలలు వారానికి ఒకసారి, తర్వాత పదిహేను రోజులకు, ఆ తర్వాత నెలకు ఒకసారి కలిస్తే చాలామందికి సరిపోతుంది. ఎప్పటికీ ఉండాల్సిన అవసరం లేదు. ఏడాది గడిచినా ప్రతి చిన్న నిర్ణయానికీ కోచ్‌ను అడగాల్సి వస్తోందంటే ఆ కోచింగ్‌లోనే లోపం ఉందని నేనంటాను. మీరు మాత్రం మొదలుపెట్టేముందు డాక్టర్ గారితో మాట్లాడి తర్వాతి హెచ్‌బీఏ1సీ తేదీ ఖాయం చేసుకోండి. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి మూడు నెలల కంటే ముందు చేయిస్తే మీ శ్రమ పూర్తిగా కనపడదు. ఈలోపు బీపీ ఇంట్లోనే చూసుకుని తేదీలతో సహా రాసి ఉంచండి, నిద్ర కాగితం ఒక వారానిది నింపండి. మొదటి సమావేశానికి ఆ రెండూ తీసుకెళ్లండి. కొత్త డైట్ చార్టు, కొత్త బూట్లు అప్పుడే కొనకండి, ఏది అవసరమో ఆ కాగితాలు చూశాక మీకే తెలుస్తుంది.